నాలుగు రోజులే ఉంటే బట్టలే ఉతకండి

కలకత్తా వెళ్తున్నాం, మదర్ థెరిస్సా సిస్టర్ల దగ్గర నాలుగు రోజులు సేవ చేసి రావాలనుంది, ఎలా అని అడిగే మనవాళ్లు చాలామందే ఉన్నారు. దసరా సెలవులకు దుర్గాపూజ చూడ్డానికి వెళ్లే కుటుంబాలు, డార్జిలింగ్ దారిలో ఆగే కాలేజీ పిల్లలు, చర్చి యూత్ బృందాలు, అమెరికా నుంచి వచ్చిన పిల్లలకు ఈ దేశాన్ని ఇంకోవైపు నుంచి చూపించాలనుకునే తల్లిదండ్రులు. ఎక్కువమంది మనసులో రెండే బొమ్మలుంటాయి: చంటిబిడ్డను ఎత్తుకోవడం, కన్నుమూయబోతున్న మనిషి చెయ్యి పట్టుకుని కూర్చోవడం.

చేతిలో ఉన్నవి నాలుగు రోజులే అయితే ఆ రెండూ అడక్కండి. బట్టలు ఉతికే పని అడగండి. అంట్లు తోమే పని, నేల కడిగే పని అడగండి. అణకువ నేర్చుకోమని చెప్పే నీతి కాదిది. ఆ ఇళ్లలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏ పనికి ఎంతమంది కావాలో, ఏ పని నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో చూస్తే తేలే లెక్క.

ముందు ఆ ఇళ్ల సంగతి. మిషనరీస్ ఆఫ్ ఛారిటీ 1950 అక్టోబర్ 7న మొదలైంది. ప్రధాన మఠాన్ని అందరూ మదర్ హౌస్ అంటారు. అది ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డులో 54ఏ. మదర్ సమాధి, ఆవిడ ఉన్న చిన్న గది అక్కడే. సేవ జరిగేది మాత్రం అక్కడ కాదు. కాళీఘాట్‌లో నిర్మల్ హృదయ్ ఉంది. కాళీమాత గుడి పక్కనే యాత్రికుల సత్రంగా ఉన్న కట్టడాన్ని కార్పొరేషన్ ఇస్తే, 1952 ఆగస్టులో అది మరణావస్థలో వీధిన పడినవాళ్లకు ఇల్లయింది. పార్క్ సర్కస్ దాటాక ప్రేమ్ దాన్ ఉంది. ఐసీఐ రసాయనాల కంపెనీ ఇచ్చిన ఆవరణ అది, పెద్దది, దీర్ఘరోగులూ మతిస్థిమితం తప్పినవాళ్లూ ఉంటారు. వైకల్యం ఉన్న పిల్లలకు దయా దాన్, ఆడవాళ్లకు శాంతి దాన్. ఊరికి ఉత్తరాన టిటాగఢ్‌లో కుష్ఠురోగుల కేంద్రం ఉంది. సిస్టర్లు కట్టుకునే నీలి అంచు తెల్లచీరలు నేసేది అక్కడి రోగులే.

చాలాకాలంగా ఉన్న పద్ధతి ప్రకారం వాలంటీర్ల నమోదు సోమ, బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం మూడింటికి, అదే రోడ్డులో 78వ నంబరు శిశు భవన్‌లో జరుగుతుంది. గురువారం వాలంటీర్లకు సెలవు. ఈ రెండు ముక్కలూ తెలియక ప్రయాణం చేసినవాళ్ల నాలుగు రోజులు రెండయిపోతాయి. బుధవారం నమోదైతే మర్నాడు సెలవు, పని శుక్రవారం గానీ మొదలవదు. సోమవారం నమోదైతే మంగళ, బుధ పనిచేసి గురువారం ఖాళీగా ఉండాలి. అదే శుక్రవారం నమోదైతే శని నుంచి బుధ దాకా వరసగా ఐదు రోజులు దొరుకుతాయి. కాబట్టి సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కేవాళ్లు బుధవారం ఎక్కండి. గురువారం సాయంత్రానికి హౌరా చేరి, ఆ రాత్రి నిద్రపోయి, శుక్రవారం మధ్యాహ్నం శిశు భవన్‌కు వెళ్లొచ్చు. కోవిడ్ రోజుల్లో ఈ ఏర్పాటంతా ఆగింది, పండుగలప్పుడూ వేళలు మారుతుంటాయి. టికెట్లు తీసే ముందే మదర్ హౌస్‌కు రాసి తేదీలు ఖాయం చేసుకోవాలి.

ఆధార్ గానీ పాస్‌పోర్టు గానీ తీసుకెళ్లాలి. ఫారం నింపాక ఒక సిస్టర్ కూర్చోబెట్టి మాట్లాడతారు: ఎన్నాళ్లుంటారు, ఏ భాషలు వచ్చు, ఒంట్లో ఎలా ఉంది, ఏ పని చేయగలరు. ఇక్కడ నిజం చెప్పడం ముఖ్యం. నాలుగు రోజులుండి రెండు వారాలని చెబితే మంచి చోట వేస్తారన్న ఆశ కొందరికి ఉంటుంది. ఐదో రోజు మీ పేరు మీద ఉన్న పని ఖాళీగా మిగిలిపోతుంది, దాన్ని ఎవరో ఒకరు మోయాలి.

రుసుమేమీ లేదు. బస, భోజనం ఎవరివి వారే చూసుకోవాలి. చాలామంది న్యూ మార్కెట్ వెనక సదర్ స్ట్రీట్ చుట్టుపక్కల లాడ్జీల్లో దిగుతారు, అక్కడినుంచి మదర్ హౌస్‌కు నడిచే పోవచ్చు. పొద్దున ఆరింటికి కథోలిక పూజ (మాస్) ఉంటుంది, ఇష్టమైనవాళ్లే వెళ్తారు. ఏడింటికి అందరూ చేరతారు. టీ, బ్రెడ్డు, అరటిపండు. చిన్న ప్రార్థన అయ్యాక గుంపులుగా ఎవరికి కేటాయించిన సేవా కేంద్రానికి వాళ్లు బయల్దేరతారు. ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఒక పూట, మూడు నుంచి ఇంకో పూట. కొత్తవాళ్లు రెండు పూటలూ చేస్తామని ఉత్సాహపడతారు. కలకత్తా ఉక్కలో, తడినేల మీద నాలుగు గంటలు నిలబడ్డాక ఒళ్లు ఏమంటుందో చూసుకుని రెండో పూట సంగతి తేల్చుకోవడం మంచిది. మూడో రోజు జ్వరంతో లాడ్జీలో పడుకున్న వాలంటీరు ఎవరికీ అక్కరకు రాడు.

ఇక బట్టల దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు విషయం అదే.

మంచం మీదే మలమూత్రాలు పోయే మనిషికి రోజుకు రెండు మూడుసార్లయినా పక్కబట్ట మారాలి. తడి బట్ట మీద గంటల తరబడి పడుకుంటే చర్మం నానిపోతుంది, నానిన చర్మం రాపిడికి లేచిపోతుంది, అక్కడే పుండు మొదలవుతుంది. నడుము కింద, మడమల దగ్గర పడే ఆ పుండు ఎముక దాకా పోయి ప్రాణం తీయగలదు. అంటే ఆ మనిషికి పుండు పడకుండా కాపాడేది సగం పక్కకు తిప్పే చెయ్యి, సగం ఆరిన దుప్పటి. వార్డులో నలభై మంది ఉంటే రోజుకు వందకు పైగా పక్కబట్టలు, వాటికి తోడు చొక్కాలు, లుంగీలు, గౌన్లు, తువ్వాళ్లు. ఉతికేవాళ్లు ఇద్దరు తగ్గితే మధ్యాహ్నానికి పొడి బట్ట ఉండదు. సాయంత్రం వార్డులో ఎవరో ఒకరు తడిలోనే పడుకోవాల్సి వస్తుంది. రోగి మొహం ఎప్పుడూ చూడకపోయినా, తొట్టి దగ్గర నిలబడ్డవాళ్లు చేసేది వైద్యమే.

ఆ పనికి ఒక వరస ఉంది. వార్డు నుంచి వచ్చిన మూటను దులపకూడదు. దులిపితే మురికి తుంపర్లు గాల్లోకి లేస్తాయి. మురికి లోపలికి పోయేలా చుట్టిన బట్టను అలాగే తెచ్చి మెల్లగా విప్పాలి. విప్పేటప్పుడు పిన్నీసు, సూది, స్పూను లాంటివి ఉన్నాయేమో కళ్లతో చూసుకోవాలి, చేత్తో తడమకూడదు. మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరు గ్లౌజులుంటే అవే వేసుకోవాలి, ఆసుపత్రి పల్చటి గ్లౌజులు పిండేటప్పుడు చిరిగిపోతాయి. ముందు మలాన్ని గీసి, నీళ్లతో కొట్టి పూర్తిగా తీసేయాలి. ఆ తర్వాతే మందు నీళ్లలో నానబెట్టడం, సబ్బు, ఒక జాడింపు, రెండో జాడింపు, పిండడం, మేడ మీదికి మోయడం.

కొత్తవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది మొదటి మెట్టే. మలం ఉండగానే బట్టను బ్లీచింగ్ నీళ్లలో పడేస్తారు. క్లోరిన్ బలమంతా ఆ మురికితోనే ఖర్చయిపోతుంది. నీళ్లలో వాసన ఉంటుంది, పని జరగదు. ఆ తొట్టిలో వెనక వేసిన బట్టలకూ మందు మిగలదు. మామూలుగా చెప్పే మోతాదు నానబెట్టడానికి 0.05 శాతం క్లోరిన్, అరగంట. మన బజార్లో దొరికే బ్లీచింగ్ పౌడర్‌లో మంచిదైతే 30 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది కాబట్టి 20 లీటర్ల బకెట్‌కు సుమారు 35 గ్రాములు. మూత తీసి ఉంచిన పౌడర్ వానాకాలపు చెమ్మకు బలం కోల్పోతుంది, అప్పుడు ఈ లెక్క తప్పుతుంది. ఇంకొంచెం వేస్తే ఇంకొంచెం శుభ్రం అనుకోవద్దు: నూలు చివికిపోతుంది, ఉన్ని రగ్గులైతే పసుపెక్కి పాడవుతాయి, రోగి చర్మం మండుతుంది. బ్లీచింగ్‌ను మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు. విషవాయువు వస్తుంది, మూసిన గదిలో ప్రాణం మీదికి తెస్తుంది. అక్కడ ఏ మందు ఎంత కలపాలో రోజూ చేసే మనిషి చెప్తారు, ఆ మాట ప్రకారమే చేయండి. ఈ అంకెలు ఎందుకంటే, ఆ మాట వెనక కారణం తెలిస్తే మనం సొంత తెలివి చూపించకుండా ఉంటాం.

జాడించడంలో కక్కుర్తి పడితే సబ్బు మిగిలిపోతుంది. సబ్బు మిగిలిన దుప్పటి ఆరాక గరుకుగా ఉంటుంది, రోజంతా దాని మీదే పడుకునే ఒంటికి దురద పెడుతుంది. రెండో తొట్టి నీళ్లు తెల్లబడగానే మార్చాలి. పిండేటప్పుడు పెద్ద దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఎదురెదురు దిక్కుల్లో మెలేస్తారు. నడుము వంచి లాగితే రెండో రోజుకే నడుము పట్టేస్తుంది, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడాలి. నీళ్లు కారే దుప్పటిని మెట్ల మీదుగా మోయకండి. మెట్లు తడిసి, వెనక వచ్చేవాళ్లు జారతారు. ఈ ఇళ్లలో వాలంటీర్లకు తగిలే దెబ్బల్లో జారిపడేవే ఎక్కువని నా అభిప్రాయం. అందుకే లేసుల బూట్లు కాకుండా వెనక పట్టీ ఉన్న, అడుగు జారని ప్లాస్టిక్ చెప్పులు తీసుకెళ్లమంటాను. మేడ మీద మందపాటి రగ్గును ఒకే తాడు మీద వేస్తే మధ్యలో గాలి ఆడదు, పక్కపక్కన ఉన్న రెండు తాళ్ల మీద పరచాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆరడమే పెద్ద సమస్య. అప్పుడు గట్టిగా పిండినవాళ్లే సాయంత్రానికి పొడి బట్ట ఇవ్వగలరు.

యంత్రాలు పెట్టొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. సరైన ప్రశ్న. సిస్టర్లు నిరుపేదలకు దగ్గరగా బతకాలని వ్రతం పట్టినవాళ్లు, తమ చీరలూ చేత్తోనే ఉతుక్కుంటారు. ఆ వ్రతాన్ని గౌరవిస్తాను. కానీ రోగి పక్కబట్టల విషయంలో నేను యంత్రం వైపే ఉంటాను. ఆసుపత్రుల్లో అంటుబట్టలను 71 డిగ్రీల వేడినీళ్లలో 25 నిమిషాలు తిప్పడం అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెప్పే ప్రమాణం. చన్నీళ్లలో చేతి ఉతుకు అంత పని చేయలేదు, మందు మీదా ఎండ మీదా ఆధారపడాలి. చేతి ఉతుకు నడుస్తున్నన్నాళ్లు, అది సరిగ్గా జరగడానికి చేతులు కావాలి. యంత్రం ఉన్నచోటా గీయడం, వేరుచేయడం, ఆరేయడం, మడతపెట్టడం మనుషులే చేయాలి.

ఉతుకుడు అరగంటలో నేర్చుకోవచ్చు, మొదటి పూటే పనికొస్తారు. మనిషిని ముట్టుకునే పనులు అలా కావు. అన్నం తినిపించడమే తీసుకోండి. తల్లి బిడ్డకు పెట్టినట్టు పెట్టేయొచ్చనుకుంటాం. పక్షవాతం వచ్చినవాళ్లకు, బాగా నీరసించినవాళ్లకు మింగే శక్తి తగ్గుతుంది. పడుకోబెట్టి పెట్టిన ముద్ద, పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండు రోజులకు నిమోనియా. దగ్గు వస్తే కనీసం తెలుస్తుంది. కొందరికి దగ్గే రాదు, గొంతు తడిగా గరగరమనడం ఒక్కటే గుర్తు. సరైన పద్ధతి ఇది: నిటారుగా కూర్చోబెట్టి, వీపుకు దిండు ఆన్చి, గడ్డం కొంచెం కిందికి ఉంచాలి. పెట్టేవాళ్లు నిలబడకుండా ఎదురుగా కూర్చోవాలి. నిలబడి పెడితే తలెత్తి మింగాల్సి వస్తుంది, గాలిదారి తెరుచుకుంటుంది. అర చెంచాకు మించకూడదు. గొంతుముడి పైకి లేచి దిగిందని చూశాకే రెండోది. పక్షవాతం ఉంటే బాగున్న వైపు పెట్టాలి, చివర్లో రెండో దవడలో అన్నం దాగి ఉందేమో చూడాలి. తిన్నాక అరగంట అలాగే కూర్చోనివ్వాలి. ఒక మనిషికి ఇలా పెట్టడానికి అరగంట, నలభై నిమిషాలు పడుతుంది. తొందర పడితే ఆయన తిననని మొహం తిప్పుకుంటాడు, 'ఇవాళ తినలేదు' అని మనం పక్క మంచానికి వెళ్లిపోతాం.

తినిపించేటప్పుడు మాట కూడా కావాలి. జొల్ అంటే నీళ్లు, భాత్ అన్నం, బ్యథా నొప్పి, ఆస్తే మెల్లగా, ఖాబేన్ అంటే తింటారా. ఈ ఐదూ, వాటితో పాటు పెద్దాయనకు దాదా, పెద్దావిడకు దీదీ లేదా మాశీ అన్న పిలుపూ రైల్లోనే నేర్చుకోవచ్చు. జీతానికి ఆ ఇళ్లలో ఏళ్ల తరబడి పనిచేసే ఆడవాళ్లనూ మాశీ అనే పిలుస్తారు. ఎవరు ఏ వైపు పడుకుంటారో, ఎవరికి పాలు పడవో, ఎవరు చెయ్యి వేస్తే కొడతారో చెప్పగలిగేది వాళ్లే. వాలంటీర్లు సిస్టర్ల మాటకు ఇచ్చే విలువ మాశీల మాటకు ఇవ్వకపోవడం నాకు అస్సలు నచ్చని సంగతి. పనిలో పెద్ద ఆవిడే.

లేవనెత్తడం మరీ ప్రమాదం. చంకల కింద చేతులు పెట్టి లాగితే చచ్చుబడిన భుజం కీలు జారుతుంది. మనిషి కింద మడిచిన దుప్పటి వేసి, ఇద్దరు చెరోవైపు దాన్ని పట్టుకుని ఒకే మాట మీద జరపాలి. తెలియకపోతే చేయకూడదు. పుండ్లకు కట్టు కట్టడం, మందులివ్వడం, ఇంజెక్షన్లు నర్సింగ్ తెలిసినవాళ్లవి. మన మెడికల్ కాలేజీ పిల్లలు కొందరు ఇక్కడ చేయి తిరుగుతుందని ఆశపడి వెళ్తారు. సొంత కాలేజీ ఆసుపత్రిలో పీజీ చేసే సీనియర్ పక్కన లేకుండా చేయని పనిని, అడిగేవాళ్లు లేని మనిషి మీద చేయకూడదు.

ఇక్కడే ఈ సంస్థ మీద వచ్చిన విమర్శనూ ఎదుర్కోవాలి. 1994లో లాన్సెట్ అనే వైద్యపత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్ నిర్మల్ హృదయ్ చూసి రాసిన వ్యాసంలో రోగనిర్ధారణ పద్ధతిగా లేదనీ, మరణావస్థలో ఉన్నవాళ్లకు బలమైన నొప్పి మందులు లేవనీ అన్నారు. ప్రేమ, శుభ్రత, పుండ్ల సంరక్షణ ఉన్నాయని కూడా అదే వ్యాసం ఒప్పుకుంది. ఆ విమర్శను కోపంగా కొట్టేసే భక్తులతోనూ, ఆ ఒక్కదానితో మొత్తం సేవను కొట్టేసేవాళ్లతోనూ నేను ఏకీభవించను. విమర్శ నిజమైన లోటును చూపింది, ఆ లోటును పూడ్చేది చదువుకున్న డాక్టర్లు, నర్సులు, మార్ఫిన్. నాలుగు రోజుల ప్రయాణికుడు స్టెతస్కోపు మెళ్లో వేసుకుంటే పూడదు, ఇంకా పెరుగుతుంది.

మదర్ జీవితమే దీనికి సాక్ష్యం. ఆవిడ కలకత్తా చేరింది 1929 జనవరిలో. దాదాపు ఇరవై ఏళ్లు లొరెటో అనే సన్యాసినుల సంఘంలో సిస్టర్‌గా అక్కడే పాఠాలు చెప్పారు, బెంగాలీ బాగా వచ్చు. 1946 సెప్టెంబర్ 10న డార్జిలింగ్ రైల్లో పేదల మధ్యకు వెళ్లాలన్న పిలుపు విన్నారు. 1948లో లొరెటో గడప దాటాక కూడా తిన్నగా బస్తీలోకి వెళ్లలేదు. పట్నా వెళ్లి మెడికల్ మిషన్ సిస్టర్ల ఆసుపత్రిలో నర్సింగ్ మొదటి పాఠాలు నేర్చుకుని వచ్చారు. భాష, ఊరు, పిలుపు మూడూ ఉన్న మనిషే నేర్చుకోకుండా రోగి మీద చెయ్యి వేయలేదు.

పిల్లల విషయంలో నేను మరీ కఠినంగా ఉంటాను. తల్లిదండ్రులు లేని బిడ్డ వచ్చిన ప్రతివాళ్ల మెడనూ కరుచుకుంటుంది. చూసేవాళ్లకు అది ప్రేమలా ఉంటుంది. ఎవరూ నిలకడగా ఉండని పిల్లలు కొత్తవాళ్లందరికీ అలా అతుక్కుపోవడం వాళ్లకు జరిగిన నష్టానికి గుర్తని పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు చాలాకాలంగా చెప్తున్నారు. నాలుగో రోజు మనం వెళ్లిపోతాం. వారం తిరక్కుండా ఇంకొకరు వస్తారు, వాళ్లూ వెళ్లిపోతారు. వైకల్యం ఉన్న పిల్లలకైతే ఫిజియోథెరపీ, తిండి, నిద్ర ఒకే చేతుల్లో సాగాలి. కనీసం మూడు నెలలు ఉండగలిగినవాళ్లే పిల్లల ఇంటిని అడగాలని నా మాట. పిల్లలంటే అంత ప్రేమ ఉన్నవాళ్లకు కలకత్తా దాకా పోనక్కర్లేదు. ఇదే సిస్టర్ల ఇళ్లు హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఉన్నాయి. ప్రతి ఆదివారం ఒకే పూట, ఏడాది పాటు, ఒకే బిడ్డ దగ్గరికి వెళ్లడం ఏ ప్రయాణమూ ఇవ్వలేనిది.

మన దగ్గర ఊరూరా ఎవరో ఒక పాస్టరు గారు నడిపే పిల్లల హాస్టళ్లకు విదేశాల నుంచి బంధువులు, చర్చి బృందాలు వచ్చి పోతుంటాయి. వెళ్లే ముందు అడగాల్సింది ఒకటుంది: 2015 బాల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద ఆ ఇల్లు రిజిస్టరైందా? కాకపోతే బట్టలు, బొమ్మలు, పాటలు అన్నీ పక్కన పెట్టి వెనక్కి రావడమే మంచిది. తల్లీ తండ్రీ ఉన్న పిల్లలను అనాథలని చూపించే చోట్లకు ప్రాణం పోసేది వచ్చిపోయే అతిథుల డబ్బే. అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం. సంఘం వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మదర్ ఇళ్లలోనూ ఫొటోలు తీయనివ్వరు. పెద్దవాళ్లదీ అదే మర్యాద: తన మీద దుప్పటి కప్పుకోలేని స్థితిలో ఉన్న మనిషి ఫొటోకు ఒప్పుకోవడం అంటూ ఉండదు.

చర్చి బృందాలకు ఇంకో మాట. సువార్త చెప్పడానికి, కరపత్రాలు పంచడానికి ఇది చోటు కాదు. నిర్మల్ హృదయ్‌లో చనిపోయేవాళ్లకు వాళ్ల మతం ప్రకారమే చివరి కార్యం జరగాలని మదర్ మొదటినుంచీ పెట్టిన నియమం: హిందువుకు గంగనీళ్లు, ముస్లింకు ఖురాన్ మాటలు. వాలంటీర్లలోనూ అన్ని మతాలవాళ్లు, ఏ మతమూ లేనివాళ్లు ఉంటారు. విశ్వాసంతో వెళ్లేవాళ్లు దీన్ని లోటనుకోనక్కర్లేదు. ప్రభువు కడరాత్రి భోజనం దగ్గర ప్రసంగానికి ముందు చేసింది తువ్వాలు కట్టుకుని కాళ్లు కడగడం. సిస్టర్ల ప్రతి ప్రార్థనాలయంలో సిలువ పక్కన 'దప్పిగొనుచున్నాను' అన్న మాట రాసి ఉంటుంది. అక్కడ మంచం మీద ఉన్న మనిషి అడిగేదీ జొల్ అనే.

విదేశీ పాస్‌పోర్టు ఉన్న మన పిల్లలకు కాగితాల సంగతి వేరే. ఈ-టూరిస్టు వీసా మీద, డబ్బు గానీ ప్రతిఫలం గానీ లేకుండా, నెలకు మించని స్వచ్ఛంద సేవ చేయొచ్చు. మిషనరీ పనికి వీసానే వేరు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉంటే ఏదైనా చేయొచ్చనుకుంటారు. 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం మిషనరీ కార్యకలాపాలకు ఓసీఐ వాళ్లూ ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. దుప్పట్లు ఉతకడం సేవ, సభ పెట్టి బోధించడం మిషనరీ పని. ఆ గీత దాటకండి, దాటితే చిక్కు మీకంటే మీకు చోటిచ్చినవాళ్లకు ఎక్కువ.

డబ్బుకూ అంతే. విదేశీ పౌరులు ఇచ్చేది విదేశీ విరాళం కింద లెక్క. 2020 సవరణ తర్వాత అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతా ద్వారానే రావాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై సొంత సంపాదనకు ఈ నిబంధన వర్తించదు. అమెరికాలో స్నేహితుల దగ్గర పోగుచేసిన డాలర్లు కవర్లో పెట్టి సిస్టర్ చేతికివ్వడం సాయం కాదు. 2021 క్రిస్మస్ రోజున ఈ సంస్థ విదేశీ విరాళాల లైసెన్సు పునరుద్ధరణను కేంద్రం తిరస్కరించింది, జనవరిలో మళ్లీ ఇచ్చింది. కాగితాల విషయంలో వాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాల్సి వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. వస్తువులు ఇవ్వాలంటే ముందు అడిగి, కలకత్తాలోనే కొనండి. పెద్దవాళ్ల డైపర్లు, బట్టల సబ్బు, నూలు పక్కబట్టలు ఎప్పుడూ అయిపోయేవే. ఇంట్లో మిగిలిన మాత్రలు మాత్రం మోసుకెళ్లొద్దు. తేదీలు చూసి ఏరి పారేసే పని వాళ్ల నెత్తిన పడుతుంది.

ఆరోగ్యం సంగతి ప్రయాణానికి ఆరు నెలల ముందే మొదలవ్వాలి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. టైఫాయిడ్, ధనుర్వాతం టీకాలు కూడా చూసుకోవాలి. దగ్గే రోగుల దగ్గర గుడ్డ మాస్కు చాలదు, ఎన్95 తీసుకెళ్లండి. గ్లౌజులు ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి మారేటప్పుడు మార్చాలి. మార్చకపోతే అవి కాపాడేది మిమ్మల్నే, రోగిని కాదు. వట్టి అన్నం తినిపించడానికి గ్లౌజులు వేసుకోకండి, కడిగిన చెయ్యి చాలు. చేతులకు శానిటైజర్ కంటే సబ్బు నీళ్లు మేలు, విరేచనాలు తెప్పించే కొన్ని సూక్ష్మజీవులకు శానిటైజర్ పనిచేయదు. ఉంగరాలు, గాజులు, పొడుగు గోళ్లు ఉండకూడదు. చేతికి తెగిన గాయం ఉంటే ఆ రోజు తొట్టి పని మాని మడతల పని అడగండి.

చివరి రోజు పొద్దున మదర్ హౌస్‌లో వెళ్లిపోయేవాళ్ల కోసం అందరూ పాట పాడతారు. ఆ సంగతి వార్డులో ముందు రోజే మాశీకి, సిస్టర్‌కు చెప్పండి, తొట్టి దగ్గర మీ స్థానంలో ఎవరు నిలబడాలో చూసుకుంటారు. మళ్లీ వస్తానని మంచం మీది మనిషికి మాటివ్వకండి. ఇంటికొచ్చాక రెండు నుంచి ఆరు వారాల్లో ఎప్పుడైనా వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ, రాత్రిపూట ఎక్కువయ్యే దురద మొదలైతే అది గజ్జి కావొచ్చు. డాక్టరు పర్మెత్రిన్ మందు రాస్తే ఒక్కరు కాకుండా ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, వారం తర్వాత మళ్లీ. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రం జ్వరం వస్తున్నా క్షయ ఉందేమో చూపించుకోవాలి, ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం. ఎక్కడికి వెళ్లి వచ్చారో అక్కడ చెప్పండి.